పదకొండు పొయ్యిలు

జూన్ 9, సోమవారం

డీఎస్సీ రెండోసారి పోయిన రోజున డైరీ మూసేశాను. మళ్ళీ తెరవాల్సి వచ్చింది. ఇంట్లో చెప్పుకోలేని పని ఒకటి నెత్తిన పడింది.

పొద్దున్నే హరిచరణ్ గారు తన గదిలోకి పిలిచారు. పోర్టులో ఉద్యోగాల వ్యవహారమంతా చూసేది ఆయనే. విజయనగరం మనిషి, సంగీత విద్వాంసుల ఇంట్లో పుట్టారు. ఏదైనా ఎటూ తేలకపోతే బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చుంటారు. ఇవాళ నేను వెళ్ళేసరికే వేస్తున్నారు.

మా తోటవానిపేట జాబితా చేతికిచ్చారు. పోర్టుకి భూములిచ్చిన ప్రతి ఇంటికీ ఒక ఉద్యోగం అని కంపెనీ అప్పట్లో మాట ఇచ్చింది. ఇంకా ఉద్యోగం రాని ఇళ్ళు ఇరవై తొమ్మిది. క్రేన్ల మీదికీ, పెద్ద బళ్ళ మీదికీ ఇప్పుడు కావలసింది ముప్ఫై ఆరుగురు; పై ఏడు చోట్లూ అనుభవం ఉన్న బయటివాళ్ళకని ముందే అనుకున్నారు. జూన్ ఆఖరుకి మొదటి బొగ్గు ఓడ వస్తుంది.

"ఈ ఇరవై తొమ్మిదిలో నిజంగా వేరు కాపురాలు ఎన్నో నాకు తెలియాలి ఝాన్సీ. దొంగ ఇళ్ళకి ఉద్యోగాలిచ్చారని రేపు ఎవడో కోర్టుకి వెళితే నా మెడకి చుట్టుకుంటుంది. సర్వే నాడు అధికారి వెంట ఇల్లిల్లూ తిరిగింది నువ్వేనట కదా?"

"అవును సార్. నాకు తెలుసు" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో!

జూన్ 10

పదకొండు. పావుగంట పట్టలేదు ఆ దొంగ ఇళ్ళని గుర్తు చేసుకోవడానికి.

జూన్ 11, బుధవారం

ఆ సర్వే ముచ్చట తలుచుకుంటే నవ్వూ వస్తుంది, మంటా పుడుతుంది.

వేరుగా వండుకుంటేనే వేరు కుటుంబం, పొయ్యి చూసి రాసుకుంటాం అని ముందురోజు దండోరా వేయించారు. అంతే, ఊరు ఊరంతా పొయ్యిలు పుట్టుకొచ్చాయి. పశువుల సాలలో ఒకటి, అరుగు మీద ఒకటి, స్నానాల దడి పక్కన ఒకటి. మసి లేకపోతే పట్టుబడిపోతామని పాత పొయ్యిలోంచి మసి గీకి కొత్త గోడలకి పూశారు. గురమ్మ పిన్ని అయితే ముగ్గురు కొడుకులకీ మూడు పొయ్యిలు పెట్టింది. మూడోది ఇంకా పచ్చిమట్టి! దాని మీద గంజి గిన్నె పెట్టి, కింద కొబ్బరి కమ్మలు మండించి, అధికారి వచ్చేసరికి విసనకర్రతో విసురుతోంది. వచ్చేదంతా పొగే, గిన్నె చల్లగా ఉంది.

"మా సిన్నోడు పెళ్ళయిన కాణ్ణించీ వేరే బాబూ. కోడలుకీ నాకూ పడదు" అని కళ్ళు తుడుచుకుంది. ఆ కోడలు ఆమె వెనకాలే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. అధికారి మూడు రాసుకున్నాడు.

తరవాత మా ఇల్లు. నాన్న, పెదనాన్న, అందరం ఒక్కచోటే. ఆ అధికారి మంచివాడే, తానే దారి చూపించాడు. "నరసింగరావు గారూ, మీ తమ్ముడు తిరుమలరావు గారు వేరే కదండీ? రెండని రాసుకోనా?" అన్నాడు.

పెదనాన్న తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఒక్కటే రాయండి బాబూ. మా ఇంట ఒక్కటే పొయ్యి. అన్నదమ్ములం కాగితం మీదైనా ఎందుకు ఇడిపోవాల?"

నాన్న తలూపాడు. నేనూ ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఊరంతా దొంగ పొయ్యిలు, మాది మాత్రం నిజం! ఆ మురిపెం విలువ తెలియడానికి మూడేళ్ళు పట్టింది. ఒక పొయ్యికి ఒక ఉద్యోగం. మా ఇంటికి వచ్చిన ఒక్కటీ నాకిచ్చారు.

జూన్ 12

పృథ్వి అన్నయ్య గురించి రాయకుండా ఇదంతా రాసి ఏం లాభం? పెదనాన్న ఒక్కగానొక్క కొడుకు. నాకంటే ఏడాది పెద్ద. హైదరాబాదులో మట్టి తవ్వే ప్రొక్లెయిన్ తోలుకునేవాడు. ఊళ్ళో కుర్రాళ్ళకి కంపెనీయే క్రేన్ పని నేర్పిస్తుందని తెలిసి వచ్చేశాడు. ఆరు నెలల శిక్షణ, నలభై మంది. అందులో మొదటివాడు అన్నయ్యే. ఆ సర్టిఫికెట్టుకి పెద్దమ్మ పసుపుబొట్టు పెట్టి దేవుడి పటం పక్కన నిలబెట్టింది.

మొదటివాడికి ఉద్యోగం లేదు. జాబితాలో పేరే లేదు. ఎందుకంటే ఆ ఇంట్లో ఒకరికి ఉంది కదా. ఆ ఒకరిని నేను.

జూన్ 13, శుక్రవారం

ఆ పదకొండు ఇళ్ళూ అబద్ధం ఆడబట్టే కదా అన్నయ్యకి చోటు లేనిది? వాళ్ళ పేర్లు కొట్టేస్తే పదకొండు ఖాళీలొస్తాయి. శిక్షణ పొందినవాళ్ళలో మొదటివాడిని కాదని ఇంకెవరినో పెట్టుకుంటారా? పెట్టుకోరు. అంత తెలివి లేనివాళ్ళా?

నేను చేసేది తప్పు కాదు. నిజం రాయమన్నారు, నిజం రాస్తాను.

జూన్ 15, ఆదివారం

గురమ్మ పిన్ని జీడిపండ్లు తెచ్చింది. ఆఖరు కాపు, తోటలో ఆమెకి మిగిలిన రెండు చెట్లవి. మిగతావి ఇప్పుడు బొగ్గు యార్డు కింద ఉన్నాయి.

"ఒలే ఝాన్సీ, మా సిన్నోడు ధర్మేంద్రగాడి కాయితం నీ కాడికే వస్తాదంట గదే! సూసుకో తల్లీ. నివ్వున్నావని మాకు ధైర్నం."

"నా చేతుల్లో ఏటుంది పిన్నీ, పెద్దోళ్ళు సూసుకుంటారు" అన్నాను. జీడిపండు కొరికితే గొంతులో దురద పట్టుకుంది. ఇప్పటికీ పోలేదు.

ఇంకో మాట కూడా ఉంది. రాసేస్తే పోతుంది. ఇంట్లో ఉన్న ఉద్యోగస్తులు తమంతట తాము మానేస్తే, అదే ఉద్యోగపు హక్కు ఆ ఇంట్లో ఇంకొకరికి బదిలీ అవుతుంది. రూల్సు కాగితం టైపు చేసింది నేనే, ఏడో అంశం. అయితే ఇప్పుడు దాని ప్రసక్తి లేదు. నేను మానేస్తే ఊరి తరఫున లోపల మాట్లాడేవాళ్ళెవరు? ఆఫీసులో మా భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మా యాస వింటే మిగతావాళ్ళు మూతులు తిప్పుకుంటారు.

పైగా అన్నయ్యే ఎప్పుడూ అడగలేదు.

జూన్ 17, మంగళవారం

హరిచరణ్ గారిని అడిగాను. అడగకుండా సంతకం పెడతానా!

"సార్, కొన్ని పేర్లు పోతే ఆ ఖాళీలు మా ఊళ్ళో శిక్షణ పొందినవాళ్ళకే ఇస్తారు కదా? ఇంటి లెక్క లేకుండా, మార్కుల వరసలో?"

బల్ల మీద తాళం ఆగింది. కిటికీలోంచి ఓడలు ఆగే బెర్తు వైపు చూశారు. "చూద్దాం" అన్నారు.

చూద్దాం అన్నారు. కాదనలేదు. కాదనేవారైతే అక్కడే కాదని ఉండేవారు, మొహమాటపడే మనిషి కాదు ఆయన.

జూన్ 18

సంతకం పెట్టాను. పదకొండు పేర్ల ఎదురుగా "వేరు కాపురం లేదు, స్వయంగా ఎరుగుదును" అని నా చేతిరాతతోనే రాశాను. మొదటిది ధర్మేంద్రదే.

జూన్ 19

ఆకలి బాగా వేసింది. రెండుసార్లు తిన్నాను. కడిగిన ముత్యంలా ఉంది మనసు. (లేదు.)

జూన్ 22, ఆదివారం

అన్నయ్యకి చూచాయగా చెప్పాను, కొన్ని చోట్లు ఖాళీ అవుతాయని.

"ఎవుల్దే?" అన్నాడు.

"అర్హత లేనోళ్ళవి."

"మాతో నేర్సుకున్నోల్లేనా?"

నేను మాట మార్చాను. అన్నయ్య బండి తుడుచుకుంటున్నాడు, తల ఎత్తకుండా గుడ్డ పిండాడు. శిక్షణలో ధర్మేంద్రకి తెలుగులో పాఠాలు మళ్ళీ చెప్పింది అన్నయ్యేనట. ఇద్దరూ ఒకే క్రేన్ మీద నేర్చుకున్నారు.

జూన్ 24, మంగళవారం

కాగితం చిరిగేలా నొక్కి రాస్తున్నాను. కోపంతో.

పొద్దున నోటీసు బోర్డు మీద పెట్టారు. ముప్ఫై ఆరులో పద్ధెనిమిది స్థానికులకి. "అర్హులైన స్థానికులు ఇంక లేనందున" మిగతా పద్ధెనిమిదీ బయటి కాంట్రాక్టరు తెచ్చుకునే మనుషులకి. కింద నా రిపోర్టు నెంబరు!

హరిచరణ్ గారి గదిలోకి తలుపు కూడా కొట్టకుండా వెళ్ళాను. "ఇదేంటి సార్? నేను ఖాళీ చేయించింది మా వాళ్ళ కోసం!"

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "కూర్చో. ఇంటికొక ఉద్యోగం అన్నాం, ఆ ఇళ్ళు అయిపోయాయి. మార్కుల వరసలో ఇద్దామని నేను పైకి రాశాను ఝాన్సీ, ఒప్పుకోలేదు. ఆ కాంట్రాక్టరు మనుషులు పదేళ్ళుగా ఓడలు దింపుతున్నవాళ్ళు. మనవాళ్ళు నేర్చుకున్నది ఆరు నెలలు. మొదటి ఓడే రెండ్రోజులు ఆలస్యమైందనుకో, రెండో ఓడ ఇటు రాదు. పక్క రేవుకి పోతుంది. ఓడలు రాని రేవులో మీ ఊరివాళ్ళకీ ఉద్యోగం ఉండదు, నాకూ ఉండదు."

"చూద్దాం అన్నారు సార్ మీరు."

"చూశాను" అన్నారు. నిజంగానే చూసినట్టున్నారు, కళ్ళ కింద నలుపు ఉంది. ఎవరి మీద అరవాలి నేను?

జూన్ 25

నిజమే కదా రాశాను.

జూన్ 27, శుక్రవారం

ఊరికి తెలిసిపోయింది. ఆ రిపోర్టు ఫొటో అందరి ఫోన్లలో ఉంది, నా చేతిరాతతో సహా. కుళాయి దగ్గరికి వెళితే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకి జరిగారు. గురమ్మ పిన్ని మాత్రం జరగలేదు. ఎదురుగా వచ్చి నిలబడింది.

"సొయంగా ఎరుగుదువేటే? ఏటెరుగుదువు? మా ఇంట పెట్టిన గంజి తాగి పెరిగినావు, అది ఎరుగుదువా?"

"పిన్నీ, నువ్వు పెట్టిన పొయ్యి దొంగది కాదా?" అనేశాను. నా నోరు మండ! అక్కడ, అందరి ముందూ.

"దొంగదే" అంది. "మరి నా ఎకరం పొలం దొంగదేటి? దాని మీద బొగ్గు పోసుకుంటారు గదా, అది నిజిమైన పొలమేనా కాదా, అది కూడా రాయవే సదూకున్నదానా!"

బిందె అక్కడే వదిలేసి వచ్చాను. తరవాత అమ్మ వెళ్ళి తెచ్చింది.

జూన్ 30, సోమవారం

గేటు ముందు ధర్నా మూడో రోజు. పద్ధెనిమిది మంది ఉద్యోగాలొచ్చినవాళ్ళు కూడా లోపలికి వెళ్ళకుండా బయటే కూర్చున్నారు. అన్నయ్య కూడా అందులోనే ఉన్నాడు, జాబితాలో పేరే లేనివాడు! వెనక గేటు నుంచి నన్ను కంపెనీ జీపులో లోపలికి తీసుకెళ్ళారు. సీట్లో కిందికి వంగి కూర్చోమన్నారు. వంగాను.

ఓడ వచ్చేసింది. సముద్రం మీద నిలబడి ఉంది. హరిచరణ్ గారు గంటకోసారి కిటికీ దగ్గరికి వెళ్ళి దాన్ని చూసి వస్తున్నారు.

జూలై 3

పెద్దమ్మ నాకు అన్నం పెడుతూనే ఉంది. ఒక్క మాటా అనదు. దేముడమ్మ పేరుకి తగ్గట్టే దేవతలా ఊరుకుంటే నాకు పిచ్చెక్కుతోంది. తిట్టొచ్చు కదా!

పెదనాన్నకి నేనే చెప్పుకున్నాను అంతా. విన్నాడు. "నిజిమే రాసినావు గదా" అన్నాడు, అంతే. లేచి ఆకుమడికి నీళ్ళు కట్టడానికి వెళ్ళిపోయాడు. నాకు ధైర్యం వచ్చింది. ఈ ఊళ్ళో నిజం వైపు ఉండే మనిషి ఆయనొక్కడే.

సోమవారం బడిలో విచారణ. శ్రీకాకుళం నుంచి కలెక్టరాఫీసు అధికారి వస్తాడట.

జూలై 7, సోమవారం

ఇది సరిగ్గా రాయాలి. జరిగింది జరిగినట్టు.

బడి వరండాలో బల్ల వేశారు. అధికారి మధ్యలో, హరిచరణ్ గారు ఆయన కుడి పక్క, నేను చివర, ఫైలు ఒళ్ళో పెట్టుకుని. ఊరంతా మైదానంలో. వాన పడేలా ఉంది, ఎవరూ కదల్లేదు.

అరిచినవాళ్ళు అరిచాక అధికారి అన్నాడు: "మీరు వేరు పొయ్యిలు ఉన్నాయంటారు, కంపెనీ లేవంటుంది. రెండు వైపులా నమ్మే మనిషిని ఒకరిని చెప్పండి. ఆయన ఏది చెబితే అది రాసుకుని వెళతాను."

హరిచరణ్ గారే లేచారు. "నరసింగరావు గారిని పిలవండి. సర్వేలో తన ఇంటికి నష్టమని తెలిసి కూడా ఒకటే పొయ్యి అని చెప్పిన మనిషి. ఆయన మాట కంపెనీకి సమ్మతం."

మైదానంలో ఎవరూ నోరెత్తలేదు. ఎలా ఎత్తుతారు? పెదనాన్న అబద్ధమాడడని అందరికీ తెలుసు. గురమ్మ పిన్ని కింద కూలబడిపోయింది. "అయిపోనాది, ఇంకేటుంది" అని పక్కదానితో అనడం నాకు వినిపించింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆ క్షణాన నాకు సంతోషం వేసింది.

పెదనాన్న వచ్చాడు. పొలం నుంచే వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

అధికారి నా రిపోర్టు చూస్తూ ఒక్కొక్క పేరే చదివాడు. "ధర్మేంద్ర. ఇతని తల్లి గురమ్మ ఇంట్లో సర్వే నాటికి మూడు పొయ్యిలున్నాయా?"

పెదనాన్న తలపాగా తీశాడు. మళ్ళీ చుట్టుకోలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

"ఉన్నాయి బాబూ."

"మూడూ?"

"మూడూ ఉన్నాయి. నాను సూసినాను."

రెండో పేరు. ఉన్నాయి. మూడో పేరు. ఉన్నాయి. పదకొండూ. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

"మీ తమ్ముడి కూతురే లేవని రాసింది కదండీ, స్వయంగా ఎరుగుదునని?"

"సిన్నపిల్ల. తెలీక రాసినాది."

"మరి మీ ఇంట్లో ఎన్ని? మీరూ మీ తమ్ముడూ వేరేనా?" అధికారికి అర్థమైపోయిందనుకుంటాను, ఆ మాట మెల్లిగా అడిగాడు. ఇంకో అబద్ధానికి చోటు చూపించాడు.

"మా ఇంట ఒక్కటే" అన్నాడు పెదనాన్న. దండం పెట్టి, వచ్చిన దారినే మళ్ళీ పొలానికి వెళ్ళిపోయాడు.

జనం ఈలలు వేస్తారనుకున్నాను. ఎవరూ వేయలేదు. లేచి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. హరిచరణ్ గారు బల్ల మీద చేతులు రెండూ కదలకుండా పెట్టుకుని కూర్చున్నారు.

జూలై 8, మంగళవారం

పెదనాన్న నిన్నటి నుంచి తినలేదు. పెద్దమ్మ రెండుసార్లు కంచం పెట్టి తీసేసింది.

నేను ఊరుకోలేకపోయాను. ఆకుమడి గట్టు మీద పట్టుకున్నాను. "నీ కొడుక్కి ఆడని అబద్ధం గురమ్మ కొడుక్కి ఎందుకాడినావు పెదనాన్నా? నలుగుర్లో నన్ను అబద్ధాలకోరుని సేసినావు! అన్నయ్య మాటేటి?"

"అరవకు" అన్నాడు. గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. "నా ఇంటికి నానేటి సెప్పుకున్నా అది నా ఇట్టం. నట్టమైతే నాదే, నీదే, నీ అన్నదే. ఆల్లది నాదేటే? పదకొండు ఇల్ల అన్నం నా నోటి మీద పెట్టినాడు ఆ బాబు. నివ్వు రాసినావు గాబట్టే పెట్టినాడు."

గట్టు మీద పడున్న ఆయన తలపాగా తీసి మట్టి దులిపాను.

"ఇంతకాలం ఒక్క అబద్దం ఆడనేదు. ఒక్క దినంలో పదకొండు" అన్నాడు. ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది. పెదనాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

జూలై 9, బుధవారం

మెమో ఇచ్చారు. "మీ రిపోర్టుకీ విచారణలో సాక్ష్యానికీ పొంతన లేదు. మీ రిపోర్టు నిజమా, పొరపాటా? మూడు రోజుల్లో జవాబివ్వండి."

హరిచరణ్ గారు తలుపు వేసి మాట్లాడారు. మెమోలో లేనివన్నీ చెప్పారు. నిజమని రాస్తే నా ఉద్యోగం ఉంటుంది, పదకొండు పేర్లూ కోర్టుకి పోతాయి, ఏళ్ళు పడుతుంది. పొరపాటని రాస్తే రేపే పదకొండు మందినీ తీసుకుంటారు. తప్పుడు రిపోర్టిచ్చినందుకు నన్ను తీసేస్తారు, తీసేస్తే మా ఇంటి హక్కు కూడా రద్దు.

"మూడో దారి ఒకటుంది. జవాబేమీ రాయకుండా గడువులోగా రాజీనామా చేసెయ్. ఏడో అంశం ప్రకారం ఉద్యోగం మీ అన్నకి వస్తుంది. మొదటి ర్యాంకువాడు, నేను దగ్గరుండి క్రేన్ ఎక్కిస్తాను."

"అప్పుడు ఆ పదకొండు మంది?"

"నీ రిపోర్టు అలాగే ఉంటుంది కదా. వాళ్ళ సంగతి తేలదు." ఆయన వేళ్ళు బల్ల మీద తాళం మొదలుపెట్టాయి. "మీ పెదనాన్నగారిని పిలవమన్నది నేనే. ఆయన నిజం చెప్తాడని నమ్మాను. చెప్పకపోయేసరికి నాకు హాయిగా ఉంది, ఎందుకో తెలియదు. ఈ మాట నేను అనలేదు."

జూలై 10

నా కుర్చీ నీలం రంగుది. వెనక్కి వాలుతుంది. ఇవాళంతా దానిలో కూర్చుని ఏ పనీ చేయలేదు.

జూలై 11, శుక్రవారం

ఇంతవరకూ అందరి తరఫునా నేనే తేల్చేశాను. ఈసారి అడిగాను. అన్నయ్యని జీడితోటలో కలిసి మూడు దారులూ చెప్పాను. రాజీనామా చేసేస్తాను, నువ్వు ఎక్కు అన్నాను.

అన్నయ్య నవ్వాడు. "నాకియ్యాలనుంటే మొదటి దినమే మానీవొచ్చు గదే ఝాన్సీ. ఏడో అంశం మాకూ సదివి ఇనిపించినారు శిచ్చన్లో."

తెలుసన్నమాట! ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకున్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఊరి కోసమని, ఊరి భాష కోసమని, ఏవేవో రాసుకున్నాను ఈ పుస్తకంలో. కుర్చీ వదల్లేక. అంతే. అది ఒక్కటే. నాకంటూ ఒకటి దొరికింది, ఇవ్వలేకపోయాను.

"ఇప్పుడిస్తాను అన్నయ్యా."

"ఇప్పుడొద్దు. నాయిన ఊరి ముందర అంత మాట అన్నాక, నాను క్రేన్ మీద కూకుని ధర్మేంద్రగాడ్ని గేటు కాడ సూడాలా? ఆల్లదే నిజిమని రాయి."

ఆఫీసుకి వెళ్ళాను. జవాబు రెండు వాక్యాలు. నా రిపోర్టు పొరపాటు. నా పెదనాన్న నరసింగరావు గారు చెప్పినదే నిజం. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణకలేదు. నిజం రాసిన రోజున కూడా వణకలేదు, అది గుర్తుపెట్టుకోవాలి నేను.

జూలై 14

ఐడీ కార్డు తీసుకున్నారు. మెడకి వేసుకునే తాడు నాదే, ఇచ్చేశారు.

పెదనాన్నకి చెప్పాను. "తిన్నావేటి?" అన్నాడు. నేను తింటే ఆయనా తిన్నాడు.

జూలై 19, శనివారం

ధర్మేంద్ర క్రేన్ ఎక్కాడు. మా డాబా మీది నుంచి కనిపిస్తుంది, పసుపురంగుది. ఓడ దింపుడు మందకొడిగా సాగుతోందట, పై వాళ్ళు చిరాకు పడుతున్నారట, హరిచరణ్ గారు రోజంతా బెర్తు మీదే నిలబడుతున్నారట. ఇవన్నీ చెప్పింది గురమ్మ పిన్ని. వచ్చి అరుగు మీద కూర్చుని పెద్దమ్మతో చెబుతోంది, నాతో కాదు. కానీ నాకు వినపడేలా గట్టిగా చెబుతోంది.

జూలై 23

అన్నయ్యకి ఫోను వచ్చింది. ఇక్కడ పదకొండు చోట్లు పోయిన ఆ కాంట్రాక్టరే. గుజరాత్‌లో ఇంకో పోర్టులో పని మొదలవుతోందట, మొదటి ర్యాంకు కుర్రాడు ఖాళీగా ఉన్నాడని ఎవరో చెప్పారట. వెంటనే రమ్మన్నారు. ఎవరు చెప్పి ఉంటారో నాకు తెలుసు. ఆయన ఈ మాట కూడా అనలేదనే అంటారు.

జూలై 27, ఆదివారం

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి అందరం వెళ్ళాం, రెండు ఆటోల్లో. ధర్మేంద్ర డ్యూటీ మార్చుకుని వచ్చాడు. అన్నయ్య సంచీ వాడే మోశాడు, పెట్టె ఎక్కించి, కిటికీ పక్క సీటు తుడిచి, దిగకుండా అక్కడే నిలబడిపోయాడు. రైలు కదిలాక దూకాడు.

పెదనాన్న చెయ్యి ఊపలేదు. రైలు వెళ్ళిపోయాక కూడా పట్టాల వైపే చూస్తున్నాడు.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇన్ని రోజుల తరవాత నన్ను అడిగిన మొదటి మాట అదే.

"ఒసే ఝాన్సీ, ఆ పోర్టు కాడ ఊర్లు లేవేటే? ఆ ఊర్ల కుర్రోల్లు లేరేటి? మనోడ్నెందుకే అంత దూరం తీసుకెల్తన్నారు?"

"నాకేటి తెలుసు పెద్దమ్మా" అన్నాను.

తెలుసు. అక్కడ కూడా నాలాంటిది ఒకతె కుర్చీలో కూర్చుని సంతకం పెట్టే ఉంటుంది.